‘నది’ అని వెతికితే నది దొరకాలి

టెక్స్ట్ ఎడిటర్లు తయారుచేసే పనిలో ఉన్న తెలుగు ఇంజనీర్లకు బహిరంగ లేఖ



ఈ ఉత్తరం తమిళనాడులోని ధర్మపురి నుంచి. గోదావరి ఒడ్డున నరసింహస్వామి కొలువున్న ధర్మపురి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇది అది కాదు, సేలం నుంచి బెంగళూరు వెళ్లే దారిలో ఉన్న ధర్మపురి. హొగెనకల్ దగ్గర కావేరి రాళ్ల మీంచి దూకేది మా జిల్లా అంచునే. 1965 అక్టోబరు 2న సేలం జిల్లాను విడదీసి దీన్ని జిల్లా చేశారు. 2004లో ఇందులోంచి కృష్ణగిరి వేరుపడింది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 5.87 శాతం. మా ఇళ్లలో తెలుగు, బడిలో తమిళం, సంతలో రెండూ. పడమటికి పోయేకొద్దీ కన్నడం కూడా తోడవుతుంది.

నాది పాఠం దిద్దే పని. ఈ చుట్టుపక్కల పెద్దవాళ్లు చెప్పిన కథలు, పెళ్లిపాటలు, పాత దస్తావేజుల నకళ్లు కుర్రవాళ్లు టైపు చేసి పంపిస్తారు. వాటిని ఒకచోట చేర్చి, తప్పొప్పులు చూసి, ఊళ్ల పేర్లకూ మనుషుల పేర్లకూ సూచిక కడతాను. ఈ పనిలో కీబోర్డు తర్వాత నా చెయ్యి ఎక్కువగా ఉండేది ఎడిటర్లోని వెతికే పెట్టె మీదే. అందులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే మీరు రెజెక్స్ అనేవి, రోజూ వాడతాను. వాటి బలం ఎంతటిదో తెలుసు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. మనిషి ఏ సెట్టింగూ ముట్టుకోకముందే, ఎడిటర్ వెతికే పెట్టె తెలుగును తెలుగులా వెతకాలి.

మాట మీద కాకుండా పాఠం మీద చూపిస్తాను. ఒక కథల ఫైల్లో కావేరి గురించిన చోట్లన్నీ కావాలి. ‘నది’ అని కొట్టాను. తెర నిండా పసుపు పూసినట్టు వచ్చాయి. చూస్తే, ఉన్నది, వచ్చినది, అన్నది, పోయినది. మా వైపు కథ చెప్పే తీరులో ప్రతి మూడో వాక్యం ‘అన్నది’తోనో ‘ఉన్నది’తోనో ముగుస్తుంది. వాటన్నిటి తోకలోనూ న, ద, గుడి వరసగా ఉన్నాయి కనుక కంప్యూటర్‌కు అవన్నీ నదులే. ఇది యంత్రం తప్పు కాదు, పదం మొదలు ఎక్కడో నేను చెప్పలేదు. చెప్పడానికి రెజెక్స్‌లో గుర్తు ఉంది, బ్యాక్‌స్లాష్ బి. పదం అంచు అని దాని అర్థం. దాన్ని ‘నది’ ముందు పెట్టి వెతకడం ఏ పుస్తకంలో చూసినా మొదటి పాఠమే.

ఇప్పుడు ఏం జరుగుతుందో చూడండి. విజువల్ స్టూడియో కోడ్‌లో తెరిచి ఉన్న ఫైల్లో వెతికే పెట్టె జావాస్క్రిప్ట్ రెజెక్స్ మీద నడుస్తుంది. జావాస్క్రిప్ట్ లెక్కలో పదం అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కింది గీత, అంతే. ఖాళీకీ ‘న’కూ మధ్య దానికి అంచే కనపడదు. ఫలితం సున్నా. కావేరి ఒడ్డున జరిగిన కథల్లో నది లేదంటుంది. అదే ఎడిటర్లో ఎడమ పక్కన ఫోల్డరంతా వెతికే పెట్టె ఉంది. దాని వెనక ఉన్నది రిప్‌గ్రెప్, రస్ట్ భాష రెజెక్స్ యంత్రం. అది యూనికోడ్ చెప్పినట్టు తెలుగు గుణింతపు గుర్తుల్నీ పొల్లునూ పదంలో భాగంగానే లెక్కేస్తుంది. అందుకే అక్కడ ఇదే నమూనా కొడితే నదులు నదులుగానే వస్తాయి. ఒకే ఎడిటరు, ఒకే ఫైలు, ఒకే నమూనా, పెట్టె మారితే జవాబు మారిపోయింది.

పైథాన్‌లో దీనికంటే చిత్రమైన జవాబు వస్తుంది. పైథాన్‌తో వచ్చే రెజెక్స్ లైబ్రరీ తెలుగు హల్లుల్నీ అచ్చుల్నీ అక్షరాలుగా ఒప్పుకుంటుంది కానీ, గుణింతపు గుర్తుల్నీ పొల్లునూ ఒప్పుకోదు. ‘తెలుగు’ అనే మాటలోని పదాలు ఇమ్మని బ్యాక్‌స్లాష్ డబ్ల్యూతో అడిగితే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. అలాంటప్పుడు ‘వచ్చినది’లో ‘చ్చి’ మీది గుడి దగ్గర పదం తెగినట్టే, ఆ పక్కన ‘నది’ మొదలైనట్టే. ఏ ‘వచ్చినది’ని తప్పించుకోవాలని పదం అంచు గుర్తు పెట్టామో, ఆ ‘వచ్చినది’నే అది మళ్లీ తెచ్చి చూపిస్తుంది. ఈ సంగతి ఎవరికీ తెలియనిది కాదు. పెర్ల్ పుస్తకాలు రాసిన టామ్ క్రిస్టియన్‌సెన్ 2011లోనే పైథాన్ బగ్‌ల పట్టికలో దీన్ని నమోదు చేశాడు. పైథాన్‌కే విడిగా దొరికే మరో రెజెక్స్ లైబ్రరీ ఈ గుర్తుల్ని సరిగ్గానే చూస్తుంది. అంటే చెయ్యడం సాధ్యమే, చేసినవాళ్లూ ఉన్నారు.

విమ్ వాడేవాళ్లకు మరో సంగతి. అందులో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ఇంగ్లీషుకే పరిమితం, కానీ పదం మొదలుకు పెట్టే బ్యాక్‌స్లాష్, చిన్న కోణం గుర్తు మాత్రం తెలుగులో కూడా పనిచేస్తుంది. రెండూ ఒకే సహాయపత్రంలో పక్కపక్కనే ఉంటాయి. ఏది పనిచేస్తుందో, ఏది చెయ్యదో వాడి చూస్తే తప్ప తెలియదు.

ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం లేక ఈ తేడాలు వచ్చాయా అంటే, ఉంది. యూనికోడ్ సాంకేతిక ప్రమాణం 18 రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల గురించే. అక్షరాలతో పాటు వాటికి అంటుకునే గుర్తులు, అంకెలు, కింది గీత, కంటికి కనపడని కలిపే-విడదీసే గుర్తులు అన్నీ పదంలో భాగమే అని అది చెబుతోంది. 1968లో కెన్ థాంప్సన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో వెతికే పద్ధతిని ప్రచురించినప్పుడు కంప్యూటర్‌కు అక్షరమంటే ఇంగ్లీషు అక్షరమే, అందులో ఆయన్ని అనేదేమీ లేదు. కానీ తెలుగు యూనికోడ్‌లోకి వచ్చింది 1991లో, మొదటి కూర్పులోనే. మూడు దశాబ్దాలు దాటిన తర్వాత కూడా వెతికే పెట్టె పుట్టుకతో ఇంగ్లీషుదే అయి ఉండటానికి నాకు కారణం కనిపించడం లేదు.

ఇక కంటికి కనపడని గుర్తు దగ్గరికి వస్తాను, ఎందుకంటే మా పనిలో అన్నిటికంటే ఎక్కువ పేర్లు మాయమయ్యేది దానివల్లే.

ఒక పేరుతో చూపిస్తాను. 1792లో శ్రీరంగపట్నం సంధి తర్వాత, మా ధర్మపురి ఉన్న బారామహల్ ప్రాంతం టిప్పు సుల్తాను చేతిలోంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అలెగ్జాండర్ రీడ్ కింద ఇక్కడ పన్ను కట్టే పద్ధతి ఏర్పాటు చెయ్యడానికి వచ్చిన సైనికాధికారుల్లో థామస్ మన్రో ఒకడు. ధర్మపురిలో ఉండి పనిచేశాడు. ఆ తర్వాత రాయలసీమకు కలెక్టరుగా, చివరికి మద్రాసు గవర్నరుగా వెళ్లి, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. సీమలో ఆయన పేరు ఇప్పటికీ మనుషుల నోట ఉంది, మా దగ్గరా ఉంది. కాబట్టి మా ఫైళ్లలో ఆయన పేరు తరచుగా వస్తుంది. ఒకరు ‘మన్రో’ అని నకారం కింద రావత్తుతో రాస్తారు. ఇంకొకరు ‘మన్‌రో’ అని పొల్లు విడిగా రాస్తారు. రెండోదాంట్లో పొల్లుకూ రకారానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు దాక్కుని ఉంది. చదివేవాడికి ఇద్దరూ ఒకే మనిషి. వెతికే పెట్టెకు ఇద్దరు మనుషులు.

ఇది దొరల పేర్లతో ఆగదు. సాఫ్ట్‌వేర్, రాజ్‌కుమార్, ఫేస్‌బుక్, టైమ్‌టేబుల్, ఇలా బయటి మాట ఏది వచ్చినా ఈ గుర్తు వస్తుంది. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, పదం చివర పొల్లు తర్వాత కూడా కొన్ని కీబోర్డులు దీన్ని వదిలేస్తాయి. ‘బస్’ రెండు విధాలుగా ఉంటుంది, రెండింటికీ రూపంలో వెంట్రుకవాసి తేడా ఉండదు. భూతద్దం పెట్టి చూసినా పట్టుకోలేరు. ఐత్వంలోనూ ఇలాంటిదే ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వానికి కింద మరో గుర్తు తగిలించి రెండుగానూ రాయవచ్చు. రెండూ సమానమని యూనికోడే చెబుతుంది, తెర మీద రెండూ ఒక్కలాగే కనపడతాయి, వెతికే పెట్టె మాత్రం చాలాచోట్ల వేరు చేస్తుంది.

పదాల్ని పోల్చి వరసలో పెట్టేటప్పుడు ఈ కనపడని గుర్తును లెక్కలోకి తీసుకోనక్కర్లేదని యూనికోడ్ అక్షరక్రమ ప్రమాణం ఎప్పుడో చెప్పింది. వెతకడం కూడా పోల్చడమే కదా.

మీలో కొందరు అంటారు: ఇవన్నీ వాడేవాడు సెట్ చేసుకోవచ్చు, మా ఎడిటర్లో మార్చలేనిది లేదు. నిజమే, చేసుకోవచ్చు. విమ్ వాడేవాళ్లు స్లాష్ (/) మీట నొక్కగానే బ్యాక్‌స్లాష్ వి దానంతటదే వచ్చేట్టు తమ విమ్‌ఆర్‌సి ఫైల్లో ఒక వరస రాసుకుంటారు. రెజెక్స్‌లో ప్రతి కుండలీకరణం ముందూ బ్యాక్‌స్లాష్ పెట్టే బాధ దానితో పోతుంది. ఈమాక్స్‌లో 2016లో వచ్చిన 25వ కూర్పు నుంచి సెర్చ్-డీఫాల్ట్-మోడ్ అనే సెట్టింగు ఉంది. మామూలు వెతుకులాటే రెజెక్స్‌గా జరగాలా, పదాలవారీగా జరగాలా, పోలిక ఉన్న అక్షరాల్ని కలిపి చూడాలా అన్నది అక్కడ ఒక్కసారి చెబితే చాలు. 2020లో వచ్చిన 27వ కూర్పులో ఇంకో అడుగు వేశారు. ఏ అక్షరాన్ని ఏ అక్షరంతో కలిపి చూడాలో చార్-ఫోల్డ్-ఇన్‌క్లూడ్ అనే పట్టికలో మనమే రాసుకోవచ్చు. నేను ‘ర’ పక్కన ‘ఱ’ రాశాను. ఆనాటి నుంచి ‘గుర్రం’ అని వెతికితే పాత దస్తావేజుల్లోని ‘గుఱ్ఱం’ కూడా దొరుకుతోంది. ఇది చేసినవాళ్లకు మనస్ఫూర్తిగా దండం పెడుతున్నాను. విజువల్ స్టూడియో కోడ్‌లో పదం అంచు గుర్తుకు బదులు (?<![ం-ౡ])నది అని కొడుతున్నాను. ముందు తెలుగు గుర్తు ఏదీ లేని ‘నది’ని చూపించు అని దాని అర్థం. చక్కగా పనిచేస్తుంది.

కానీ ఈ గీతలూ చుక్కలూ మాకు పాఠాలు టైపు చేసి పంపే పాలక్కోడు పిల్లవాడికి చెప్పగలనా? పెన్నాగరంలో తన అమ్మమ్మ పాటల్ని ఫోన్లో కొట్టి దాచుకుంటున్న అమ్మాయికి చెప్పగలనా? వాళ్లు ఒకసారి వెతుకుతారు, దొరకదు, లేదనుకుంటారు. సెట్టింగు మార్చుకోవాలంటే ముందు ఏదో సరిగా లేదని తెలియాలి. వెతికితే ఖాళీ వచ్చినప్పుడు, నిజంగా లేదో, యంత్రానికి కనపడలేదో చెప్పే ఆనవాలు ఏదీ తెర మీద ఉండదు. అందుకే మొదటి నుంచి ఉండే సెట్టింగు ముఖ్యం. తెలిసినవాడు ఎలాగైనా దారి చూసుకుంటాడు. తెలియనివాడికి మీరు ఏది పెట్టి పంపారో అదే ఎడిటరు.

ఇంగ్లీషు విషయంలో ఈ మర్యాద మీరు ఎప్పుడో చేశారు. విజువల్ స్టూడియో కోడ్‌లో, లిబ్రేఆఫీస్‌లో, ఈమాక్స్‌లో చిన్న అక్షరాలతో వెతికితే పెద్ద అక్షరాలున్నవి కూడా దొరుకుతాయి. రెండింటికీ కంప్యూటర్లో వేర్వేరు సంఖ్యలు. అయినా వెతికే మనిషికి ఆ తేడా అక్కర్లేదని ఎవరో ఆలోచించి, అక్కర్లేనిదాన్ని ముందే పక్కన పెట్టారు. తేడా కావాలంటే ఒక బొత్తాం నొక్కుకోవచ్చు. తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేవు. ఆ బొత్తాంతో మాకు పని లేదు. మాకున్న తేడాలు వేరు, వాటికి బొత్తాం లేదు.

జపాను వాళ్లకు మాత్రం ఉంది. లిబ్రేఆఫీస్‌లో ఆసియా భాషల సదుపాయం ఆన్ చేసి, భాషా సెట్టింగుల్లోకి వెళ్లి, జపనీసులో వెతకడం అనే పేజీ తెరవండి. హిరగానా, కతకానా ఒకటిగా చూడాలా, బ, వ ఒకటిగా చూడాలా, దీర్ఘాలు పట్టించుకోవాలా, పాత కానా రూపాల్ని కలపాలా అని గళ్ల వరస కనపడుతుంది. అరబిక్ రాసేవాళ్లకు కూడా అక్షరాల పైగుర్తులు, సాగదీసే గీత పట్టించుకోవాలా వద్దా అని విడిగా గళ్లున్నాయి. ఆ పేజీ చూసిన ప్రతిసారీ ఎవరో జపాను మనిషి తన భాషలో జనం ఎన్ని రకాలుగా రాస్తారో కూర్చుని రాసుకుని, పట్టుబట్టి పెట్టించి ఉంటాడనిపిస్తుంది. అలాంటి పేజీ తెలుగుకు ఉంటే అందులో ఏమేం ఉండాలో మా ధర్మపురి పాఠాల నుంచే చెప్పగలను.

మొదటిది ఒత్తులు. తమిళ లిపిలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకే అక్షరం. క, ఖ, గ, ఘలకూ అంతే. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం అందరికీ తప్పనిసరి అయింది. అమ్మ దగ్గర తెలుగు మాట, బడిలో తమిళ రాత నేర్చిన పిల్లలు పెద్దయ్యాక ఫోన్లో తెలుగు కొడితే ‘దర్మం’, ‘కతలు’, ‘బూమి’, ‘గనత’ అని వస్తాయి. వాళ్లు తెలుగు అక్షరాల్లో రాయడమే నాకు పండగ. కానీ వాళ్లు రాసింది వెతికితే దొరకాలి కదా! మా ఊరి పేరే చూడండి. ధర్మపురి, దర్మపురి, తర్మపురి, తమిళ ఉచ్చారణ పట్టుకుని దరుమపురి. నేను [తదధ](ర్మ|రుమ)పురి అని కొట్టి నాలుగూ పట్టుకుంటాను. ‘ధర్మపురి’ అని మామూలుగా కొట్టినవాడికి ఒక్కటే వస్తుంది, మిగతా మూడు ఊళ్లు అతనికి లేనట్టే.

ఇది ఇక్కడికే పరిమితం కాదు. కోస్తాలో, తెలంగాణలో కూడా ‘విద్యార్ది’, ‘అర్దం’, ‘ప్రదానమంత్రి’ రాసేవాళ్లు కోకొల్లలు.

రెండోది పాత రాత, కొత్త రాత. శకటరేఫం (ఱ) సంగతి చెప్పాను. అరసున్న ఉన్న పాఠాలు, లేని పాఠాలు ఉన్నాయి. ‘వాఁడు’ అని ఉన్నచోట ‘వాడు’ అని వెతికితే దొరకాలి. పాత పుస్తకాలు వికీసోర్స్‌లో ఎక్కించేవాళ్లకు ఇది రోజువారీ సమస్య.

మూడోది మాండలికం. ఒక, వొక. ఎట్లా, యెట్లా, ఎట్ల. వచ్చాడు, వచ్చినాడు, వొచ్చినాడు. దీన్ని యంత్రం తనంతట తాను కలపాలని నేను అడగను. ఏది ఏ మాటకు మరో రూపమో నిర్ణయించడం ఆ పాఠం తెలిసినవాళ్ల పని. కానీ వొ, ఒ ఒకటిగానూ, యె, ఎ ఒకటిగానూ పదం మొదట్లో చూడమని చెప్పే గడి ఒకటి ఉంటే, ఏ గుర్తులూ నేర్చుకోని మనిషి కూడా ముప్పాతిక దారి వెళ్లగలడు.

పదం మొత్తం అనే బొత్తాం గురించి కూడా చెప్పాలి. విజువల్ స్టూడియో కోడ్‌లో ఆ బొత్తాం ఖాళీలనూ విరామచిహ్నాలనూ చూసి పదాన్ని కొలుస్తుంది కాబట్టి తెలుగు అక్షరాల దగ్గర తడబడదు. బాగుంది. కానీ ఇంగ్లీషులో పదం మొత్తం కావాలనుకునే మనిషి ఏం ఆశిస్తాడో, తెలుగులో ఆ బొత్తాం అది ఇవ్వదు. మన విభక్తి పేరుకు అంటుకుని వస్తుంది. ధర్మపురిలో, ధర్మపురికి, ధర్మపురినుంచి, ధర్మపురివాళ్లు. పదం మొత్తం అని నొక్కితే ఇవన్నీ పోయి, విడిగా నిలబడ్డ ‘ధర్మపురి’లు మాత్రం మిగులుతాయి. వాక్యంలో పేరు అలా విడిగా నిలబడేది తక్కువ. తెలుగుకు కావలసిన బొత్తాం ‘పదం మొదలు’. ఎడమ వైపు అంచు చూడాలి, కుడి వైపు వదిలెయ్యాలి. కన్నడానికీ తమిళానికీ కూడా ఇదే కావాలి. ఇవి మూడూ ఈ జిల్లాలో పక్కపక్క ఇళ్లలో ఉన్న భాషలే కాబట్టి, ఒకదానికి చేసింది మూడింటికీ ఉపయోగపడుతుందని చూసి చెబుతున్నాను. ‘ఊరు’ లాంటి మాటలు ఊరి, ఊళ్లో, ఊర్లు అని రూపమే మార్చుకుంటాయి. అక్కడ మాత్రం ఊ(రు|రి|ళ్ల|ళ్లో|ర్ల) అని మనమే రాసుకోవాలి. దానికి యంత్రం మీద కోపం లేదు.

రెజెక్స్‌లో చుక్క గురించి ఒక్క మాట. చుక్క అంటే ఏదో ఒక అక్షరం. తెలుగు పిల్లవాడిని అడిగితే ‘క్షీ’ ఒక అక్షరం అంటాడు. చాలా యంత్రాలకు అది నాలుగు: క, పొల్లు, ష, గుడి దీర్ఘం. మనిషికి ఒక్కటిగా కనపడే అక్షరాన్ని ఎక్కడ తెంపాలో యూనికోడ్ చెప్పే నియమాల్లో, 2023లో వచ్చిన 15.1 కూర్పు తెలుగు సంయుక్తాక్షరాల్ని విడగొట్టకుండా ఒకటిగా ఉంచే నియమం చేర్చింది. వెతికే పెట్టెల్లోకి అది ఎంత తొందరగా వస్తే అంత మంచిది.

మీరు చెప్పబోయే అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అర్థం ఇవాళ మార్చేస్తే, దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రోగ్రాములు రేపు ఆగిపోతాయి. జావాస్క్రిప్ట్ దాన్ని మార్చకపోవడానికి అది న్యాయమైన కారణమే. కానీ నేను అడిగేది భాష మార్చమని కాదు. వెతికే పెట్టె ఎడిటరుది. అందులో మనిషి కొట్టినదాన్ని యంత్రానికి ఇచ్చే ముందు ఎడిటర్ తిరగరాయవచ్చు. పదం మొత్తం బొత్తాం ఇప్పటికే ఎడిటర్ సొంత లెక్కతోనే నడుస్తోంది. పదం అంచును నేను చేత్తో రాసుకున్నట్టే, ఎడిటరు లోపల రాసుకుంటే సరిపోతుంది. అది కూడా ప్రోగ్రాముల ఫైళ్లలో అక్కర్లేదు. మామూలు పాఠం ఫైలు తెరిచి, అందులో తెలుగు కనపడితే, అప్పుడు చెయ్యండి. ఫైలు రకాన్ని బట్టి అమరికలు మార్చడం మీ ఎడిటర్లన్నిటికీ వచ్చిన విద్యే.

ఒక్క చోట మాత్రం గట్టిగా వద్దంటాను. ఈ కలిపి చూడటం వెతకడంలోనే ఉండాలి, మార్చడంలో ఉండకూడదు. ఎవరైనా ‘గుర్రం’ని ‘గుఱ్ఱం’గా మార్చమన్నప్పుడు, లేదా ‘దర్మపురి’ని ‘ధర్మపురి’గా అన్నీ ఒక్క దెబ్బకు మార్చమన్నప్పుడు, యంత్రం చొరవ తీసుకుని పోలినవన్నీ కలిపి మార్చేస్తే, ఒక అవ్వ చెప్పిన మాట ఆమె చెప్పిన తీరులో ఇక ఎప్పటికీ ఉండదు. ఆ తప్పురాతలోనే ఎక్కడ పుట్టిన మాటో, ఎవరి నోటి మాటో తెలుస్తుంది. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాట్ తీరపు మాటతోనే రాశారు. ఎవరైనా ఆ పుస్తకాన్ని ఒక్క మీట నొక్కి ప్రామాణిక తెలుగులోకి దిద్దితే ఇక దాంట్లో మిగిలేది ఏముంటుంది? ఈమాక్స్ రూపకర్తలు ఈ సంగతి పట్టుకున్నారు. మార్చేటప్పుడు అక్షరాల్ని కలిపి చూడటం అక్కడ మొదటి నుంచీ ఆపేసి ఉంటుంది, కావాలంటే విడిగా ఆన్ చేసుకోవాలి. మిగతావాళ్లూ అదే పద్ధతి పెట్టాలి.

కాబట్టి మిత్రులారా, నా విన్నపం ఇది. మీ ఎడిటరు తర్వాతి కూర్పు విడుదల చేసే ముందు, పరీక్షల ఫైళ్లలో ఇంగ్లీషు వాక్యాల పక్కన కొన్ని తెలుగు వాక్యాలు కూడా పెట్టండి. అందులో ‘నది’ ఉండాలి, ‘ఉన్నది’ ఉండాలి. ‘మన్రో’ రెండు రకాలుగా ఉండాలి. ఐత్వం రెండు రకాలుగా ఉండాలి. ‘గుఱ్ఱం’, ‘వాఁడు’, ‘దర్మపురి’, ‘ధర్మపురికి’ ఉండాలి. ఆ ఫైలుకు పాఠం కావాలంటే మా దగ్గర ఉంది. కథలు చెప్పినవాళ్ల అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి, ఎవరు వాడుకున్నా అభ్యంతరం లేని షరతు మీద పంపిస్తాను. తమిళం, కన్నడం కలిసిన వాక్యాలు కూడా అందులో ఉంటాయి, ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఒక్క భాషలో ఆగి మాట్లాడరు. మీలో ఎవరైనా ఒక్క ఎడిటర్లో ఒక్క గడి పెట్టించినా, ముందుగా ఆ కూర్పును పెన్నాగరం అమ్మాయి ఫోన్లో పెట్టి చూస్తాను. ఏం దొరికింది, ఏం దొరకలేదు, వివరంగా మీకు రాస్తాను.

ఇట్లు,
ధర్మపురి నుంచి
పాఠం దిద్దే మీ ఆప్తుడు